పొయ్యి అక్కర్లేదట!

పొయ్యి అక్కర్లేదట. ఓవెనూ అక్కర్లేదట. కలపడం, అదమడం, ఫ్రిజ్‌లో పెట్టడం, కోసుకోవడం, అంతేనట. చిన్నపిల్లలు కూడా చేసెయ్యొచ్చట. మే నెలాఖరు నుంచి ఈ 'అట'లు నా ప్రాణం తోడేస్తున్నాయి.

డాలస్ నుంచి మనవరాలు వచ్చింది. వచ్చాక జరిగేవి, అంటే దోమలు కుట్టడం, మామిడిపండు రసం మోచేతి దాకా కారడం, "అమ్మమ్మా, వైఫై ఎందుకు రావట్లేదు" అని వాకబు చెయ్యడం, ఇవన్నీ మీ ఇళ్ళల్లోనూ ఏటా చూసేవే కనక దాటేస్తాను. అసలు గొడవ 'నో-బేక్ బార్ల'తో. అడుగున వేరుశెనగ ముద్ద, పైన చాక్లెట్ పూత, బిళ్ళలుగా కోసుకు తినడం. "చాలా ఈజీ తాతయ్యా" అంటుంది పిల్ల. పొద్దున కాఫీ దగ్గర అంటుంది. మధ్యాహ్నం తాటిముంజలు తింటూ అంటుంది. రాత్రి మేడ మీద చాపలేసుకుని పడుకున్నాక చీకట్లోంచి కూడా అంటుంది.

నాకు అక్కడే మండుతుంది. మా ఇంట్లో అరిసెలు వండిన ఆడవాళ్ళెవరూ ఏనాడూ అది సులువని అనలేదు. "పాకం ఎలా కుదురుతుందో ఏమో" అని ముందే ఓ దణ్ణం పెట్టుకునేవారు. ఆ మాట గోడ అవతల వినపడగానే పక్కింటి పిన్నిగారు చేతులు కడుక్కుని వచ్చేసేది. కష్టం అన్న పనికి సాయం పిలవకుండానే వస్తుంది. ఈజీ అన్న పనికి ఎవరొస్తారు? ఇంట్లో ఖాళీగా కనపడ్డవాణ్ణే పట్టుకు లాక్కుపోతారు. రిటైరైనవాడి కంటే ఖాళీగా ఎవడు కనపడతాడు?

పైగా పొయ్యి లేని వంట ఏదో అమెరికావాళ్ళు కనిపెట్టినట్టు ఈ హడావిడి ఏమిటి? శ్రీరామనవమి పందిట్లో పానకానికీ వడపప్పుకీ చలిమిడికీ ఎవరైనా అగ్గిపుల్ల గీశారా? నాగుల చవితికి పుట్ట దగ్గరకి పట్టుకెళ్ళే చిమ్మిలి సంగతో? నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచితే నూనె ఊరి, ముద్దకట్టి, తనే ఉండై కూర్చుంటుంది. నాగేంద్రుడు తరతరాలుగా మన చేత నో-బేకే చేయించుకు తింటున్నాడు. ఒక్కసారి కూడా 'వావ్' అనలేదు. ఇదంతా మనవరాలికి విడమరిచి చెప్పాను. శ్రద్ధగా వింది. విని, "తాతయ్యా, చిమ్మిలి మీద చాక్లెట్ పోస్తే?" అంది.

ఇక్కడ మీరు నవ్వక్కర్లేదు. ఆత్రేయపురం వైపు వెళితే చాక్లెట్ పొడి చల్లిన పూతరేకులు ఇప్పుడు దర్జాగా దొరుకుతున్నాయి. నాగేంద్రుడి దాకా రావడానికి ఎంతో కాలం పట్టదు.

పీనట్ బటర్ అంటే మరేం కాదు, వేయించిన వేరుశెనగ గుళ్ళ ముద్ద. మా ఆవిడ గుత్తివంకాయల్లో కూరడానికి నూరేదే. కాకపోతే అందులో ఎండుమిరపకాయ లేదు, ధనియాలు లేవు, వంకాయ అసలే లేదు. 1884లో మాంట్రియల్‌లో ఎడ్సన్ అనే ఆయన ఇలాంటి ముద్దకి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ తరవాత, కార్న్‌ఫ్లేక్స్ పేరుతో మనకి పరిచయమైన డాక్టర్ కెలాగ్ గారు తన శానిటోరియంలో నమలలేని రోగులకి దీన్ని పెట్టించాడు. అంటే ఇప్పుడు కుర్రకారు ఎగబడి తింటున్నది పళ్ళు లేనివాళ్ళ పథ్యం అన్నమాట. పప్పుండలు కొరకడానికి నా కట్టుడు పళ్ళు ఒప్పుకోవడం మానేసి చాలా కాలమైంది కనక, ఈ ఒక్క విషయంలో నా కోపం కాస్త మెత్తబడింది.

"సీసా కొనడం దేనికి, దండగ, గుళ్ళు నాలుగు వేయించి మిక్సీలో తిప్పేస్తాను" అంది మా ఆవిడ.

"అమ్మమ్మా, నో స్టవ్!" అంది పిల్ల. వేయించాలంటే పొయ్యి వెలిగించాలి. వెలిగిస్తే వ్రతభంగం. అంచేత నేను ఎండలో పడి వెళ్ళి సీసా కొనుక్కొచ్చాను. మా రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర ఇసుకలో వేయించి పొట్లం కట్టే వేరుశెనక్కాయలు బస్తాల్లెక్కన వచ్చే డబ్బుకి చేతిలో ఇమిడే సీసా వచ్చింది. బస్తాల్లెక్కన అన్నది నా కోపం లెక్క, తూకం లెక్క కాదు.

తరవాత పళ్ళెం గొడవ. ఎనిమిదంగుళాల చదరపు పళ్ళెం కావాలట.

మీరోసారి లేచి మీ వంటింట్లోకి వెళ్ళిరండి, నేను ఇక్కడే ఉంటాను. నలుచదరంగా ఉన్న పాత్ర ఒక్కటి పట్టుకురండి. తపేలా, మూకుడు, అట్లపెనం, డేగిసా, చెంబు, కంచం, పోపుల పెట్టె, క్యారేజీ, ఇడ్లీ రేకులు, జంతికల గొట్టం. పెట్టె అని పేరు పెట్టుకున్న పోపుల పెట్టె కూడా గుండ్రమే, దాని కడుపులో ఉన్న గిన్నెలూ గుండ్రమే. రోలు గుండ్రం, తిరగలి గుండ్రం. దీనికి కారణం లేకపోలేదు. గుండ్రటి పాత్రలో గరిటె ఆగకుండా తిరుగుతుంది. మూల ఉందంటే పాకం అక్కడ నక్కి కూర్చుని మాడుతుంది. తోమేటప్పుడు పీచు ఆ మూలలోకి పోదు, చీమ పోతుంది. ఇంత ఆలోచించి మన పెద్దవాళ్ళు మూలల్ని వంటింట్లోంచి వెళ్ళగొట్టారు.

పాత్ర గుండ్రమైతే పిండివంటా గుండ్రమే. బూరె, గారె, అరిసె, బొబ్బట్టు, సున్నుండ, కొబ్బరుండ, జిలేబి. 2016లో 29,465 కిలోల లడ్డూ కట్టి గిన్నిస్ పుస్తకానికెక్కింది మన తాపేశ్వరమే. అంత బరువున్నదాన్ని లారీ ఎక్కించాలంటే నలుచదరంగా ఉంటే ఎంత సుఖమో వాళ్ళకి తట్టకుండా ఉంటుందా? తట్టే ఉంటుంది. అయినా గుండ్రంగానే కట్టారు. నియమం అంటే అదీ.

మరి అదే తాపేశ్వరం మడత కాజాకి మూలలున్నాయి కదా అంటారు మీరు. ఉన్నాయి. కానీ అవి పాత్ర ఇచ్చిన మూలలు కావు, చెయ్యి మడిచి తెచ్చిన మూలలు. పూతరేకైనా అంతే. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. కుండ మీద ఆ గుడ్డతో ఒక్క విసురు, రేకు లేచి వస్తుంది. కుండ వంపు తప్ప దానికి వేరే రూపం లేదు. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి, మడతలు పెట్టాకనే దానికి నాలుగు మూలలు మొలుస్తాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినవాళ్ళు ఈ మూలల సంగతి దస్త్రంలో రాసుకున్నారో లేదో. గోదావరి జిల్లాల్లో మూలలు మడతలోంచి పుడతాయి తప్ప పళ్ళెంలోంచి పుట్టవు, ఇదీ నా సిద్ధాంతం. మా ఆవిడకి దీన్ని చాలా సావధానంగా వివరించాను. ఆవిడ ఆవకాయ జాడీకి వాసెన కడుతూ, "మరి కాకినాడ గొట్టం కాజాకి మడతేదీ?" అంది. గొట్టం మాత్రం గుండ్రం కాదా అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపు ఆవిడ రెండో జాడీ దగ్గరకి వెళ్ళిపోయింది.

సిద్ధాంతం ఎంత గట్టిదైనా పళ్ళెం దొరకలేదు. మా ఇంట్లో చదరంగా ఉన్నవి ఏమిటా అని వెతికితే క్యారంబోర్డు, గోడ క్యాలెండరు, బిస్కెట్ల డబ్బా దొరికాయి. బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లు ఉంటాయని నమ్మే వయసు మీకూ దాటిపోయే ఉంటుంది. సూదులు, దారపు రీళ్ళు, ఏ చొక్కావో తెలియని బొత్తాలు. దాన్ని ఇమ్మంటే మా ఆవిడ బీరువా తాళాలు అడిగినంతగా ఉలిక్కిపడింది. చివరికి అటక మీద నుంచి స్టీలు ట్రే ఒకటి దిగింది. టీ గ్లాసులు పెట్టి అందించే రకం. అంచు మీద చుక్కల అక్షరాలతో ఒక పెద్దమనిషి పేరూ, 'గృహప్రవేశ శుభసందర్భమున' అనీ చెక్కి ఉంది. ఆ పెద్దమనిషికీ మాకూ ప్రహరీగోడ విషయంలో మాటల్లేవు. ఆయన పేరున్న ట్రేలో పిల్ల మొదటి వంట చెయ్యడం శ్రేయస్కరమేనా అని కాసేపు చర్చ జరిగింది. స్టీలుకి పగలుండవని తీర్మానించుకున్నాం.

బటర్ పేపరూ కావాలట, అడుగున పరవడానికి. కొట్టుకెళ్ళి అడిగితే, "ఆయ్, లేదండీ. విస్తరాకులున్నాయి, ఇమ్మంటారేంటండీ?" అన్నాడతను. ఎంత మర్యాదగా లేదన్నాడంటే విస్తరాకుల కట్ట కొనుక్కోక తప్పలేదు. ఇంటికొచ్చాక పెరట్లో అరటాకు కోసి ట్రేలో పరిచాను. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర్లో పెట్టుకుని కాగితం కోసం ఊరు తిరగడమేమిటి, అసలు?

ఇక చాక్లెట్ కరిగించే అధ్యాయం. ఒక గిన్నెలో వేణ్ణీళ్ళు, దాని మీద ఇంకో గిన్నె, అందులో చాక్లెట్ ముక్కలు, మెల్లగా కలపాలి అని ఉంది. వేణ్ణీళ్ళు దేనితో కాస్తారో మాత్రం లేదు. ఆ ప్రశ్న అడిగే అవసరం కూడా రాలేదు లెండి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనకి సామెత. రోళ్ళే పగిలే చోట చాక్లెట్ ఆగుతుందా? కొట్టు నుంచి ఇంటికొచ్చేలోపు ఆ పొట్లం చొక్కా జేబులోనే కరిగే పనంతా పూర్తి చేసుకుంది. వడియాలు ఎండబెట్టిన మేడ మీద కాసేపు పెడితే మరిగేదే.

కరగడానికి కష్టం లేదు. గట్టిపడడానికే. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలట. ఏ ఫ్రిజ్‌లో? మా ఫ్రిజ్‌లో పై అర దోసెల పిండిది, రెండోది పెరుగుదీ మీగడదీ, మూడోది ముంజలదీ కొబ్బరి చిప్పలదీ. తలుపు అరలో నా ఇన్సులిన్, కడియం నుంచి వచ్చిన మల్లెపూలు పక్కపక్కనే ఉంటాయి. నా ఇన్సులిన్‌కి మల్లెల వాసన, మా ఆవిడ మల్లెలకి మందుల వాసన వస్తున్నాయని మేమిద్దరం ఒకరి మీద ఒకరం ఎప్పట్నుంచో ఫిర్యాదు చేసుకుంటున్నాం. ఆ కాపురంలోకి ఈ ట్రే దిగింది. పిండి గిన్నె బయటికొచ్చింది, సాయంత్రానికి పొంగి గట్టంతా పారింది. బార్లు గట్టిపడుతున్నాయనగా కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. అవి మళ్ళీ గట్టిపడడం మొదలుపెట్టాయి. మళ్ళీ పోయింది. తలుపు తియ్యొద్దు, చల్లదనం పోతుందని నేను కాపలా కూర్చున్నాను. పది నిమిషాల వంటకి పగలంతా కాపలా.

రుచా? బాగున్నాయి. చాలా బాగున్నాయి. చక్కెర జబ్బువాణ్ణి కనక ఒక్క ముక్కే తిన్నానని మా ఆవిడకి చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

అయితే పొయ్యి అక్కర్లేదన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వేరుశెనగ గుళ్ళని ఎక్కడో ఒక పెద్ద యంత్రంలో వేయించారు. అడుగున పొడి చేసి కలిపిన మేరీ బిస్కెట్లని ఏదో కంపెనీలో మైళ్ళ పొడవు ఓవెన్లో కాల్చారు. చెరుకు రసాన్ని కాచి పంచదార చేశారు. చాక్లెట్ కావాలంటే కోకో గింజని వేయించి తీరాలి. మంటల్లేవని కాదు, మన ఇంట్లో లేవు, అంతే. కాలే చెయ్యి మనది కాకపోతే ఏ వంటైనా నో-బేకే.

గింజల సంగతి వచ్చింది గనక చెబుతాను. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రాలోనే, అందులోనూ పాత పశ్చిమ గోదావరి జిల్లాలో. కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో, నీడన పెంచుతారు. కాయ కొమ్మ చివర కాదు, మానుకీ లావుపాటి కొమ్మలకీ అంటుకుని కాస్తుంది, తెలియనివాళ్ళు చూస్తే ఎవరో మేకు కొట్టి తగిలించారనుకుంటారు. ఉడతకీ ఎలుకకీ ఆ కాయంటే మహా ప్రీతి. మనకంటే ముందు చాక్లెట్ రుచి తెలిసినవాళ్ళు అవే. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని దాదాపు వారం రోజులు మాగబెట్టి, మరో వారం ఎండబెట్టాలి. మాగేటప్పుడు వచ్చే పులుపు వాసన ఊరి పొలిమేర దాకా ఉంటుంది. చాక్లెట్ వాసన వస్తుందనుకుని వెళ్ళినవాళ్ళు ముక్కు మూసుకుని తిరిగొస్తారు. 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూసితీరవలసిన చోట్ల జాబితాలో హైదరాబాదులోని 'మనం చాక్లెట్'ని చేర్చింది. వాళ్ళు వాడేవి ఈ పశ్చిమ గోదావరి గింజలే.

మా బావమరిదికి ద్వారకా తిరుమల దగ్గర కొబ్బరి తోటా, దాని కింద కోకో. ఏళ్ళ తరబడి కిలో రెండొందల చిల్లరకి అమ్ముకున్న గింజ 2024లో వెయ్యి రూపాయల దాకా వెళ్ళింది. ఘానాలో, ఐవరీ కోస్టులో వానలు తిరగబడి, చెట్లకి తెగులు తగిలి, పంట పోయిందట. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఆ రెండు దేశాలదే. ఆ డిసెంబరులో న్యూయార్కు మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. బావమరిది ఇంటికి రంగులు వేయించాడు. అక్కకి పట్టుచీర పెట్టాడు. మరుసటి ఏడాదికి ధర సగానికి కూలింది, కొనేవాళ్ళు మొహం చాటేశారు, బస్తాలు వరండాలో ఉండిపోయాయి. 2025లో కోకో రైతులు ఏలూరులో రోడ్డెక్కారు. ప్రభుత్వం కలగజేసుకుని, కిలోకి 50 రూపాయలు తను కలిపి 500 చేతికొచ్చేట్టు చూసింది.

అప్పట్నుంచి మా బావమరిదికి ఒక అలవాటైంది. ఫోన్ చేస్తాడు, బాగోగులు అడుగుతాడు, అక్కని అడుగుతాడు, చివర్లో గొంతు తగ్గించి, "బావగారూ, ఘానాలో వానలెలా ఉన్నాయో కాస్త మీ సెల్లులో చూద్దురూ" అంటాడు. చూసి చెబుతాను. బాగా పడుతున్నాయంటే "అలాగా" అంటాడు. పడలేదంటే కాసేపు ఏమీ అనడు. ఒకసారి మాత్రం, "వాళ్ళూ రైతులే కదండీ, బావగారూ. వాళ్ళ చెట్లు ఎండిపోవాలని నేను కోరుకోవడమేంటండీ, పాపం కాదూ" అన్నాడు. అతను ఘానా చూడలేదు, ఘానావాడు ద్వారకా తిరుమల చూడలేదు. అక్కడా ఎవడో ఒకడు మన కొబ్బరి తోటల మీదికి తుపాను రావాలని మొక్కుకుంటున్నాడేమో. నేనేం చెప్పను? ఉష్ణోగ్రత చెప్పి ఊరుకున్నాను.

ఈ కబుర్లు పిల్ల చెవిన పడ్డాయి. చాక్లెట్ తాతయ్యకి బార్లు పంపి తీరాలంది. ఇక మా బావమరిది అసలు పేరు పోయి అదే స్థిరపడింది. క్యారేజీలో సర్ది, మూత మీద తడిగుడ్డ కట్టి, తెలిసిన కండక్టరు చేతికిచ్చి బస్సులో పంపించాం. రాజమండ్రి నుంచి ద్వారకా తిరుమల, మిట్టమధ్యాహ్నం, కిటికీ పక్క సీటు. సాయంత్రం ఫోన్ వచ్చింది. పిల్ల స్పీకర్ పెట్టింది.

"బావగారూ, మనవరాలు పంపిన పాయసం అందిందండీ. చాలా బాగుందని చెప్పండి. మధ్యలో అరటాకు ఎందుకు వేశారో మాత్రం తెలీలేదు. ఈసారి నాలుగు జీడిపప్పులు కూడా పడెయ్యమనండీ."